కాలిన మచ్చకు మళ్ళీ రంగు: కృష్ణకర్మ నుండి కణముల పిచికారీ వరకు

ఒళ్ళు కాలినప్పుడు కలిగే నొప్పి కొన్ని వారములలో తగ్గుతుంది. పుండు మానుతుంది, కట్లు విప్పుతారు, మందులు ఆగిపోతాయి. అంతటితో గండము గడిచిందని చుట్టుపక్కలవారు అనుకుంటారు. కాలినవారికి మాత్రము అప్పుడే మరొక బాధ మొదలవుతుంది. మానిన చోట చర్మము కొందరిలో సున్నము పూసినట్లు తెల్లగా మిగిలిపోతుంది. మరికొందరిలో చుట్టూ ఉన్న చర్మము కంటె బాగా నల్లబడుతుంది. చెయ్యి చక్కగా పనిచేస్తున్నా, నడక సరిగానే ఉన్నా, ఆ మచ్చను చూసిన ఎదుటివారు ఒక అడుగు వెనుకకు వేస్తారు.

"డాక్టరు గారూ, ఈ రంగు మళ్ళీ వస్తుందా?" అన్న ప్రశ్నను ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలములో నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. "ఇది బొల్లిగా మారుతుందా? ఒళ్ళంతా పాకుతుందా? అమ్మాయికి పెళ్ళి అవుతుందా?" అనేవి దాని వెనుకనే వచ్చే ప్రశ్నలు. సుశ్రుతుడి కాలము నుండి వైద్యులు వీటికి సమాధానము వెదుకుతూనే ఉన్నారు. ఆ అన్వేషణ ఏ దారిలో నడిచిందో తెలిస్తే, ఈనాడు ఏ చికిత్సను నమ్మవచ్చో, దేనికి దూరముగా ఉండాలో మీకే బోధపడుతుంది.

నిప్పు దగ్గర బ్రతికే మెట్ట సీమ

నెల్లూరు అనగానే అందరికీ పెన్న నీరు, వరిచేలు, సముద్రతీరము గుర్తుకు వస్తాయి. జిల్లాకు పడమట, వెలిగొండల వైపున ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల తీరు వేరు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి గెలుచుకొన్న దుర్గము ఉదయగిరిలో ఉంది. ఆ కొండ క్రింద ఈనాటికీ కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కి బ్రతికే కుటుంబములు ఉన్నాయి. మర్రిపాడు, కలిగిరి మండలములలో పొగాకు పండిస్తారు. డీసీపల్లిలోను, కలిగిరిలోను పొగాకు వేలము కేంద్రములు ఉన్నాయి. ఆత్మకూరుకు ఎగువన సోమశిల జలాశయము ఉన్నా, చుట్టూ ఉన్న చాలా గ్రామములు వాననే నమ్ముకొన్న మెట్ట గ్రామములు.

ఇటువంటి సీమలో నిప్పుతో పని ఎక్కువ. పొగాకు బ్యారన్‌లో కట్టెల మంట వేడిని ఇనుప గొట్టముల ద్వారా లోపలికి పంపి, ఆకును సుమారు వారము రోజులు ఆరబెడతారు. ఆకు జారి కాగిన గొట్టము మీద పడితే బ్యారన్ అంటుకొంటుంది. గొట్టమునకు తగిలిన చెయ్యి లోతుగా కాలుతుంది. ఇళ్ళలో ఎసరు, గంజి, అప్పుడే దించిన రాగి సంగటి పసిపిల్లల మీద పడతాయి. ఒకప్పుడు పూరిళ్ళు, బుడ్డిదీపములు, కిరసనాయిలు పంపు స్టవ్వులు ఉండేవి. స్టవ్వు పేలిందని చెప్పిన కేసులలో కొన్నింటి వెనుక కట్నపు వేధింపులు ఉండేవన్నది చేదు నిజము. భార్యను హింసించడమును నేరముగా చేసిన 498-ఎ సెక్షను 1983లోను, వరకట్న మరణములకు 304-బి సెక్షను 1986లోను వచ్చాయి. పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చే దీపం పథకమును మన రాష్ట్రములో 1999లో మొదలుపెట్టారు. కేంద్రపు ఉజ్జ్వల పథకము 2016లో వచ్చింది. కిరసనాయిలు వంటింటి నుండి తప్పుకొన్నది. అయినా కాలిన గాయములు పూర్తిగా పోలేదు, పాత గాయములు మిగిల్చిన మచ్చలు అసలే పోలేదు.

ఉదయగిరి నుండి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్ల దూరము. అంత దూరము పోవడానికి కూలి వదులుకోవాలి, తోడు మనిషి కావాలి. పుండు మానిందంటే చాలు, రంగు కోసము మళ్ళీ ఆసుపత్రికి పోయేవారు తక్కువ. ఊరిలో ఎవరో చెప్పిన ఆకు పసరు రాసుకొనేవారు ఎక్కువ. అందుకే ఈ విషయము మెట్ట సీమలో మరింత వివరముగా తెలియాలి.

చర్మమునకు రంగు ఎక్కడ నుండి వస్తుంది?

మన చర్మములో రెండు ముఖ్యమైన పొరలు ఉన్నాయి. పైన పలుచని బాహ్యచర్మము, దాని క్రింద దళసరి అంతశ్చర్మము. బాహ్యచర్మపు అడుగు వరుసలో మామూలు చర్మకణముల మధ్య అక్కడక్కడ వర్ణకణములు ఉంటాయి. వీటిని మెలనోసైట్లు అంటారు. ఇవి టైరోసిన్ అనే పదార్థము నుండి మెలనిన్ అనే రంగును తయారుచేస్తాయి. స్విట్జర్లాండు చర్మవైద్యుడు బ్రూనో బ్లాక్ 1917లో ఈ రంగు తయారయ్యే కణములను రసాయన పరీక్షతో గుర్తించి చూపాడు.

ఒక్కొక్క వర్ణకణము తన చేతుల వంటి కొమ్మలను చాచి, సుమారు 36 చర్మకణములకు రంగును అందిస్తుంది. తెల్లవారిలోను, నల్లవారిలోను ఈ కణముల సంఖ్య దాదాపు సమానమే. అవి తయారుచేసే రంగు రేణువుల పరిమాణములోను, అమరికలోను భేదము ఉంటుంది.

వర్ణకణములకు మరొక నివాసము ఉంది. అది వెండ్రుక కుదురు. రికార్డో స్టారికో 1959లో వెండ్రుక కుదురు వెలుపలి తొడుగులో, ఇంకా రంగు తయారుచేయని వర్ణకణములు దాగి ఉంటాయని వెల్లడించాడు. పైచర్మము గీరుకుపోయినప్పుడు ఈ కణములే మేలుకొని, కుదురు వెంబడి పైకి ప్రాకి, రంగును మళ్ళీ నింపుతాయి. మానుతున్న గాయములో వెండ్రుక మొదళ్ళ చుట్టూ చిన్న చిన్న నల్లని చుక్కలు కనిపించడము మీరు గమనించే ఉంటారు. అవి శుభసూచకములు.

దీనిని బట్టి కాలిన లోతుకు, రంగుకు ఉన్న సంబంధము అర్థమవుతుంది. పైపొర మాత్రమే కాలితే అడుగు వరుస మిగిలి ఉంటుంది కనుక రంగు మామూలుగానే వస్తుంది. బొబ్బలెక్కి రెండు, మూడు వారములలో మానిన గాయములో వెండ్రుక కుదుళ్ళు బ్రతికి ఉంటాయి, కొన్ని నెలలలో చాలావరకు రంగు తిరిగి వస్తుంది. అంతకంటె లోతుగా కాలితే అడుగు వరుసతో పాటు కుదుళ్ళు కూడా నశిస్తాయి. అప్పుడు గాయమును అంచుల నుండి ప్రాకి వచ్చే కణములు కప్పాలి. చర్మకణములు త్వరగా ప్రాకుతాయి. వర్ణకణములు వెనుకబడతాయి. మధ్యలో మిగిలిన తెల్లని మడుగే మనము చూసే తెల్లమచ్చ.

సుశ్రుతుడి కృష్ణకర్మ

సుమారు రెండువేల సంవత్సరముల క్రిందటిదని చెప్పే సుశ్రుత సంహితలో ఈ విషయము ఎంత స్పష్టముగా ఉన్నదో చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. సూత్రస్థానములో కాలిన గాయములను ప్లుష్టము, దుర్దగ్ధము, సమ్యగ్దగ్ధము, అతిదగ్ధము అని నాలుగు విధములుగా విభజించారు. ప్లుష్టములో చర్మము కమిలి రంగు మారుతుంది. దుర్దగ్ధములో బొబ్బలు వస్తాయి. అతిదగ్ధములో మాంసము వ్రేలాడుతుంది, ఆ పుండు చాలా ఆలస్యముగా మానుతుంది, మానిన తర్వాత కూడా రంగు చెడి ఉంటుంది అని చెప్పారు. లోతుకు, మానే కాలమునకు, రంగుకు ఉన్న సంబంధమును అక్కడే గుర్తించారన్న మాట. ఐరోపాలో ఫాబ్రీషియస్ హిల్డానస్ కాలిన గాయములను మూడు తరగతులుగా విభజించిన పుస్తకము వెలువడినది 1607లో.

చికిత్సాస్థానములో పుండ్లకు 60 ఉపక్రమములు చెప్పారు. పుండును కడగడము, కోయడము, కట్టు కట్టడము వంటి వాటితో మొదలై, చివరి వరుసలో మానిన మచ్చకు చేయవలసిన పనులు వస్తాయి. తెల్లబడిన మచ్చను నల్లగా చేయడము కృష్ణకర్మ. నల్లబడిన మచ్చను తెలుపు చేయడము పాండుకర్మ. రోమములు మొలిపించడము రోమసంజననము. పుండు మాన్పడముతో వైద్యుని పని ముగియదనీ, మానిన చర్మము మునుపటి రూపు పొందడము కూడా చికిత్సలో భాగమేననీ ఆ గ్రంథము భావించింది. నా దృష్టిలో కృష్ణకర్మలోని మందు కంటె ఈ భావనయే గొప్పది.

ఇక ఆ మందు విషయము. నల్లజీడి గింజలను ముందు గోమూత్రములోను, తరువాత పాలలోను నానబెట్టి, రెండుగా కోసి, కుండలో పెట్టి, వేడి చేసి, క్రిందికి కారిన నూనెను పట్టి, జంతువుల గిట్టలు కాల్చిన భస్మముతో కలిపి మచ్చ మీద పూయమన్నారు. రజకులు బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడే నల్లజీడి ఇదే. దాని రసము గాలి తగిలితే నల్లబడుతుంది, ఉతికినా పోదు. చర్మము మీద కూడా అది రంగు వేస్తుంది. చర్మమును వాపుకు గురిచేసి, ఆ వాపు తగ్గాక మిగిలే నలుపును కూడా ఇస్తుంది.

సుశ్రుతుడు చెప్పిన శుద్ధి క్రమము ఏదీ లేకుండా, పచ్చి నల్లజీడి రసమును తెల్లమచ్చ మీద పూస్తే ఏమవుతుంది? అది చర్మమును తీవ్రముగా కాలుస్తుంది. బొబ్బలు లేచి, పుండు పడి, లోతుగా మాని, మొదటి మచ్చ కంటె పెద్ద తెల్లమచ్చ మిగులుతుంది. చిత్రమూలము వేరు పూసినా ఇదే గతి. మచ్చను మాపుకోవాలని వచ్చి రెండోసారి కాల్చుకొన్నవారిని నేను స్వయముగా చూశాను. ప్రాచీన గ్రంథములో పేరు ఉన్నంత మాత్రాన ఇంట్లో చేసుకొనే ప్రయోగమునకు ఆ గ్రంథము హామీ కాదు.

బావంచాలు, సూర్యకాంతి

రంగు కోసము మన దేశములో వాడిన రెండో మందు బావంచాలు. తెల్లమచ్చలను పోగొట్టమని ఓషధులను వేడుకొనే సూక్తములు అథర్వవేదములోనే ఉన్నాయి. బావంచాల గింజలను నూరి పూయడము, ఎండలో కూర్చోవడము ఆయుర్వేదములో బొల్లికి ప్రసిద్ధమైన చికిత్స. ఈజిప్టులో నైలు నది ఒడ్డున పెరిగే అమ్మి మొక్క గింజలను ఇదే విధముగా వాడేవారు. 13వ శతాబ్దపు వైద్యుడు ఇబ్న్ అల్ బైతార్ దానిని గురించి వ్రాశాడు.

బావంచాలలోని రహస్యమును 1933లో బెంగుళూరు రసాయన శాస్త్రజ్ఞులు జోయిస్, మంజునాథ్, వెంకటరావు ఛేదించారు. ఆ గింజల నుండి వారు సోరలెన్ అనే పదార్థమును వేరుచేశారు. 1947లో ఈజిప్టు శాస్త్రజ్ఞులు ఫహ్మీ, అబూ షాదీ అమ్మి గింజల నుండి అదే కుటుంబమునకు చెందిన పదార్థములను తీశారు. 1948లో ఎల్ మోఫ్తీ అనే వైద్యుడు వాటితో బొల్లి రోగులకు చికిత్స చేసి ఫలితములను ప్రకటించాడు. ఈ పదార్థము, అతినీలలోహిత కిరణములు కలిసి వర్ణకణములను ఉత్తేజపరుస్తాయి.

బొల్లిలో పనిచేసిన ఈ మందు లోతుగా కాలిన మచ్చలో ఎందుకు పనిచేయదు? బొల్లి మచ్చలో పైన రంగు లేకపోయినా వెండ్రుక కుదుళ్ళలో వర్ణకణములు చాలాసార్లు మిగిలి ఉంటాయి. మందు వాటిని మేల్కొలుపుతుంది. లోతుగా కాలిన మచ్చ నున్నగా, వెండ్రుకలు లేకుండా ఉంటుంది. మేల్కొలపడానికి అక్కడ నిల్వ లేదు. పైగా బావంచాల నూనె పూసి మెట్ట సీమ ఎండలో కూర్చుంటే ఆ చోట బొబ్బలు రావడము ఖాయము. ఒక రోగమునకు మంచిదైన మందు దానిని పోలిన మరొక దానికి పనికిరాకపోవడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

చర్మమును తెచ్చి అతికించడము

మచ్చ మీద రంగు పూయడము నుండి, రంగు ఉన్న చర్మమునే తెచ్చి పెట్టడము వైపు వైద్యము మళ్ళింది. ఇక్కడ కూడా మన దేశమునకు స్థానము ఉంది. తెగిన ముక్కును నుదుటి చర్మముతో తిరిగి కట్టిన భారతీయ పద్ధతిని 1794లో లండనులోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ప్రచురించింది. నుదురు, ముక్కు ప్రక్క ప్రక్కనే ఉన్నవి కనుక రంగు కలిసిపోయింది.

1869లో స్విస్ వైద్యుడు రెవెర్డాన్ చిటికెడు చిటికెడు చర్మపు ముక్కలను పుండు మీద నాటితే అవి బ్రతికి వ్యాపిస్తాయని చూపాడు. 1870లో లండన్ సెంట్ జార్జ్ ఆసుపత్రిలో జార్జ్ పొలాక్ కాలిన పుండు మానని ఒక బాలికకు ఈ పద్ధతిలో చర్మము నాటాడు. 1874లో జర్మనీలో టీయర్ష్ పలుచని పొరలుగా చర్మమును కోసి పరిచే పద్ధతిని స్థిరపరిచాడు. 1939లో అమెరికాలో పాడ్జెట్ డెర్మటోమ్ వచ్చాక, ఒకే మందముగల పొరలను కోయడము సాధ్యమైంది. మన దేశములో 1958లో నాగపూరులో డాక్టర్ సి. బాలకృష్ణన్ ప్లాస్టిక్ సర్జరీకి ప్రత్యేక శాఖను ఏర్పరిచారు. నెల్లూరువారికి దగ్గరి మహానగరమైన మద్రాసులో, కిల్పాక్ ఆసుపత్రి కాలిన గాయముల విభాగమును తీర్చిదిద్దిన డాక్టర్ మాతంగి రామకృష్ణన్‌ను 2002లో పద్మశ్రీతో సత్కరించారు.

చర్మము అతికించడము ప్రాణములను నిలిపింది, ముడుచుకుపోయిన కీళ్ళను విప్పింది. రంగు విషయములో మాత్రము సగమే గెలిచింది. తొడ నుండి తీసిన పలుచని చర్మమును ముఖము మీద పెడితే అది కొన్ని నెలలలో నల్లబడి, అతికించిన గుడ్డవలె విడిగా కనిపిస్తుంది. చెవి వెనుక చర్మము ముఖమునకు బాగా కలుస్తుంది కాని, అది దొరికేది కొంచెమే. పైగా చర్మము తీసిన చోట మరొక మచ్చ మిగులుతుంది.

చర్మము నుండి కణమునకు

1960లలో ఢిల్లీలో డాక్టర్ పి. ఎన్. బెహల్ బొల్లి మచ్చల మీద అతి పలుచని చర్మపు పొరలను అతికించి రంగు తెప్పించారు. ఇక్కడ పుండు లేదు. మానిన చర్మమునకు రంగు కోసమే చేసిన శస్త్రచికిత్స ఇది.

1971లో కొలంబియా దేశపు చర్మవైద్యుడు రాఫెల్ ఫలబెల్లా ఒక అడుగు ముందుకు వేశాడు. ఫిన్లాండులో కీస్టలా అనే శాస్త్రజ్ఞుడు చర్మము మీద చిన్న గిన్నెను బోర్లించి గాలి లాగితే బొబ్బ లేస్తుందని, ఆ బొబ్బ సరిగా బాహ్యచర్మమునకు, అంతశ్చర్మమునకు మధ్య విడిపోతుందని అంతకుముందే చూపాడు. ఫలబెల్లా ఆ బొబ్బ పైకప్పును కత్తిరించి, రంగు కోల్పోయిన చోట పరిచాడు. పైకప్పు అడుగున వర్ణకణములు ఉంటాయి. అవి క్రొత్త చోట స్థిరపడి రంగు ఇచ్చాయి. చర్మము తీసిన చోట అంతశ్చర్మము చెక్కుచెదరలేదు కనుక మచ్చ పడలేదు. కాలినప్పుడు మిగిలిన బొబ్బే రంగును తీసుకొనిపోయింది. ఇక్కడ మనిషి చేసిన బొబ్బ రంగును తిరిగి తెచ్చింది.

1992లో ఫ్రాన్సులో గోత్యే, సుర్లేవ్-బాజేయ్ అనే వైద్యులు చర్మపు ముక్కను ట్రిప్సిన్‌తో నానబెట్టి, కణములను విడదీసి, ఆ ద్రవమును తెల్లమచ్చలలో నింపారు. 1998లో స్వీడన్‌లో ఓల్సన్, యూలిన్ దీనిని సులభతరము చేశారు. మచ్చ పైపొరను యంత్రముతో సున్నితముగా అరగదీసి, కణముల ద్రవమును పోసి, కట్టు కట్టడమే ఆ పద్ధతి. తీసిన చర్మమునకు ఐదు నుండి పది రెట్ల వైశాల్యమును దీనితో కప్పవచ్చు. కణములను వారముల తరబడి ప్రయోగశాలలో పెంచే పని లేదు, ఖర్చు తక్కువ. 2011లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వెండ్రుక కుదుళ్ళనే పెరికి, వాటి తొడుగులోని కణములతో ఇదే పని చేసిన ఫలితములను ప్రకటించారు. స్టారికో 1959లో చూసిన నిల్వను ఈ విధముగా వాడుకొన్నారు.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరములో డాక్టర్ ఫియోనా వుడ్, మేరీ స్టోనర్ కణములను పిచికారీ చేసే పద్ధతిని అభివృద్ధి చేశారు. 2002 అక్టోబరులో బాలిలో బాంబులు పేలినప్పుడు కాలిన గాయములతో పెర్త్ చేరినవారికి వుడ్ బృందము చికిత్స చేయడముతో ఈ పద్ధతి ప్రపంచమునకు తెలిసింది. ఒక చదరపు సెంటీమీటరు చర్మముతో 80 చదరపు సెంటీమీటర్ల వరకు కప్పే ఈ పరికరమునకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో కాలిన గాయములకు, 2023లో బొల్లికి అనుమతి ఇచ్చింది.

బొల్లి కంటె కాలిన మచ్చకు ఈ చికిత్సలలో ఒక అనుకూలత ఉంది. బొల్లిలో శరీరపు రక్షణ వ్యవస్థే వర్ణకణముల మీద దాడి చేస్తుంది. క్రొత్తగా నాటిన కణముల మీద కూడా ఆ దాడి మళ్ళీ రావచ్చు. కాలిన మచ్చలో కణములను చంపిన శత్రువు నిప్పు. అది ఎప్పుడో వెళ్ళిపోయింది. నాటిన కణము ఒకసారి వేరూనితే నిలుస్తుంది. ప్రతికూలత కూడా ఉంది. మచ్చ కణజాలము గట్టిది, రక్తప్రసారము తక్కువ. అందువలన కొన్ని కణములు పట్టవు, రంగు అంతటా ఒకే తీరుగా రాకపోవచ్చు.

ఇటీవలి పరిశోధనలలో మరొక సంగతి తెలిసింది. కాలిన తెల్లమచ్చలు కొన్నింటిలో వర్ణకణములు చావకుండానే ఉన్నాయి, రంగు తయారుచేయడము మాత్రము మానివేశాయి. వాటికి రంగు తయారుచేయమని చెప్పే సంకేతము అందడము లేదు. ఆ సంకేతమును మందు రూపములో ఇచ్చి నిద్రపోతున్న కణములను మేల్కొలపవచ్చునా అన్నది ఇప్పుడు జరుగుతున్న పరిశోధన. అది మందుల దుకాణమునకు ఇంకా రాలేదు. వచ్చిందని ఎవరైనా అమ్మజూపితే నమ్మవద్దు.

బొల్లి కాదు, కుష్టు కాదు

మెట్ట గ్రామములలో తెల్లమచ్చ అనగానే పుట్టే భయము కుష్టు. ఆ భయము సంబంధములను చెడగొట్టింది, కాపురములను కూల్చింది. 1955 నాటి హిందూ వివాహ చట్టములో విడాకులకు కుష్టు ఒక కారణముగా ఉండేది. దానిని 2019లో గాని తొలగించలేదు. కుష్టు మందులతో పూర్తిగా నయమవుతుంది. బొల్లి అంటువ్యాధి కాదు. కాలిన మచ్చ వ్యాధే కాదు.

తేడా తెలుసుకోవడము కష్టము కాదు. కుష్టు మచ్చ చాలావరకు పాలిపోయి లేక రాగిరంగులో ఉంటుంది, పాలవలె తెల్లగా ఉండదు. ఆ మచ్చలో స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చ పాలవలె తెల్లగా ఉన్నా, చర్మము మామూలుగా మెత్తగా ఉంటుంది, స్పర్శ పోదు, క్రొత్త చోట్ల రావచ్చు. కాలిన మచ్చ కాలిన చోటనే ఉంటుంది, తాకితే గట్టిగా లేక నున్నగా తేడాగా ఉంటుంది, ప్రాకదు, పిల్లలకు సంక్రమించదు. లోతుగా కాలిన మచ్చలో కూడా స్పర్శ తగ్గవచ్చు కనుక సందేహము ఉంటే వైద్యునికి చూపించండి. ఒక మినహాయింపు చెప్పాలి. బొల్లి ఉన్నవారికి ఒళ్ళు కాలితే ఆ గాయము మీద బొల్లి రావచ్చు. వారికి రంగు శస్త్రచికిత్స చేసే ముందు బొల్లి కనీసము ఒక సంవత్సరము పెరగకుండా ఉన్నదో లేదో చూస్తారు.

మీరు చేయవలసినవి

రంగును కాపాడే మొదటి చికిత్స గాయమైన మొదటి గంటలోనే ఉంది. కాలిన చోట మామూలు చల్లని నీటిని 20 నిమిషములు ధారగా పోయండి. మొదటి మూడు గంటలలోపు ఎప్పుడు పోసినా మేలే. వేడి లోపలికి దిగే కొద్దీ గాయము లోతవుతుంది. లోతు పెరిగితే వెండ్రుక కుదుళ్ళు, వాటిలోని వర్ణకణములు చనిపోతాయి. మంచుగడ్డ పెట్టవద్దు. సిరా, పళ్ళపొడి పేస్టు, పసుపు, పేడ, పిండి, బూడిద పూయవద్దు. బొబ్బలను చిదమవద్దు.

మూడు వారములైనా మానని పుండును ఊరిలోనే ఉంచవద్దు. సరియైన సమయములో చర్మము అతికిస్తే మచ్చ తక్కువగా ఉంటుంది.

మానిన తర్వాత కనీసము ఒక సంవత్సరము మచ్చను ఎండ నుండి కాపాడండి. కొంగు, పొడుగు చేతుల చొక్కా, తలగుడ్డ చాలు. క్రొత్త చర్మము ఎండలో నల్లబడుతుంది. రంగు లేని చర్మము ఎండకు కాలుతుంది. కొబ్బరినూనె గాని, వ్యాసెలిన్ గాని రాసి మెత్తగా ఉంచండి.

నల్లజీడి, చిత్రమూలము, బావంచాల నూనె వాడవద్దు. నల్లమచ్చను తెలుపు చేస్తామని అమ్మే క్రీములలో స్టెరాయిడ్లు గాని, హైడ్రోక్వినోన్ గాని ఉంటే నెలల తరబడి సొంతముగా రాయవద్దు.

తొందరపడవద్దు. మచ్చ ముదిరి నిలకడకు రావడానికి 12 నుండి 18 నెలలు పడుతుంది. ఈలోగా చాలామందికి అంచుల నుండి, వెండ్రుక మొదళ్ళ నుండి కొంత రంగు దానంతట అదే వస్తుంది. అప్పటికీ తెలుపు మిగిలితే నెల్లూరు ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలో చర్మవైద్యులను సంప్రదించండి. కణముల మార్పిడి గాని, బొబ్బ పైకప్పు పద్ధతి గాని మీ మచ్చకు తగునా, అది చేసే దగ్గరి కేంద్రము ఎక్కడ ఉన్నదో పేరు పెట్టి అడగండి. ముందుగా చిన్న భాగములో చేసి చూడమని కోరండి. చికిత్స వద్దనుకొంటే మచ్చను కప్పే సౌందర్య లేపనములు ఉన్నాయి, వైద్య పచ్చబొట్టు ఉంది. ఏమీ వద్దనుకొని మచ్చతో హాయిగా బ్రతకడము కూడా తప్పు కాదు.

చివరిగా ఒక హెచ్చరిక. పాత కాలిన మచ్చలో క్రొత్తగా పుండు పడి నెలల తరబడి మానకపోతే అది క్యాన్సరు కావచ్చు. ఫ్రెంచి వైద్యుడు మార్జొలిన్ పేరుతో పిలిచే ఈ పుండును ముక్క పరీక్షతో నిర్ధారించాలి. ముందుగా పట్టుకొంటే కోసివేసి నయము చేయవచ్చు.

మచ్చ ఉన్న అమ్మాయి మీ ఇంటికి కోడలుగా రావచ్చు, మీ బడిలో చదువుకోవచ్చు, మీ పక్కన బస్సులో కూర్చోవచ్చు. ఆ మచ్చ ఆమె ఒకసారి నిప్పు నుండి బయటపడిందని మాత్రమే చెబుతుంది. ఆమెకు తగిన వైద్యము ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, ఆమె పక్కన మామూలుగా కూర్చోండి. వైద్యులు చేయలేని చికిత్స ఆ రెండో పనిలో ఉంది.